రాష్ట్రపతి ఆపని ఫ్యాక్టరీ

సంగారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వచ్చే అర్జీల్లో మొదటి పేజీ కంటే చివరి పేజీ కిందిభాగం నాకు ఎక్కువ ఇష్టం. అక్కడ ‘ప్రతులు’ అని ఒక జాబితా ఉంటుంది. పొలం దగ్గర కరెంటు స్తంభం వంగిందని రాసిన అర్జీ కరెంటాఫీసుకు చేరుతుందో లేదో గానీ, దాని ప్రతి రాష్ట్రపతికి మాత్రం తప్పకుండా పోతుంది. జాబితాలో మొదటి పేరు వారిదే. తర్వాత ప్రధానమంత్రి, ఆ తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ముఖ్యమంత్రి. మండల తహసీల్దారు అందరికంటే అడుగున ఉంటాడు. స్తంభం గురించి ఒక ఫోన్ చేసి పని జరిపించగలిగేది ఆ అడుగున ఉన్న మనిషే.

పటాన్‌చెరులో పేపరు కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టి, సంగారెడ్డిలో స్టాఫ్ రిపోర్టర్‌గా నిరుడు రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి ఏం చదవమంటారని అడుగుతారు. రాజ్యాంగం చదవండి అంటాను. “అది ఢిల్లీల పనిచేసేటోళ్లకు గదా సార్, మాకు రోడ్డు ప్రమాదాలు, గంజాయి కేసులే గదా” అని నవ్వుతారు. వాళ్ల వయసులో నేనూ అలాగే నవ్వేవాణ్ని. రాష్ట్రపతి అధికారాలేమిటో తెలియక ఒక జిల్లా రిపోర్టరు ఒక ఊరిని దాదాపు ముంచిన సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ రిపోర్టరు నేనే.

ప్లాస్టిక్ కవర్లో ఉత్తరం

ఆరేడేళ్ల కిందటి మాట. హత్నూర మండలంలో ఒక ఊరు. పేరు రాయను, నా వల్ల ఆ ఊరికి వచ్చిన పేరు ఇప్పటికే చాలు. ఊరి పొలాల అంచున ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. దాని ప్రహరీకి ఇవతల కిష్టయ్య అనే రైతుకు మూడెకరాలు, ఒక బోరు. రెండేళ్లుగా ఆ బోరు నీళ్లు పసుపు రంగులో వస్తున్నాయి. అది చాలదన్నట్టు ఫ్యాక్టరీ వాళ్లు కిష్టయ్య పొలం వైపే ఇంకో యూనిట్ కడతామని దరఖాస్తు పెట్టుకున్నారు. అది వస్తే వాననీళ్లు పొలాల్లోకి దిగే కాలువ పూడిపోతుంది. కాలువ పోతే బోరు పోతుంది, బోరు పోతే మూడెకరాలు ఉన్నా లేనట్టే.

కిష్టయ్య అందరిలాగే అందరికీ రాశాడు. అందరిలాగే రాష్ట్రపతికి కూడా రాశాడు. తేడా ఏమిటంటే, ఆయనకు జవాబు వచ్చింది.

పాత బస్టాండు దగ్గర మెట్లెక్కి మా ఆఫీసుకు వచ్చి, అంగీ లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఢిల్లీ నుంచి వచ్చింది సారూ. రాష్ట్రపతి దగ్గర్నుంచి. మా పోస్ట్‌మన్ చేతులు కడుక్కొని ఇచ్చిండు.”

ఇంగ్లీషులో మూడు వాక్యాలున్నాయి. మీ అర్జీ అందినది. తగిన పరిశీలన కోసం రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి పంపడమైనది. తదుపరి వివరాలకు వారినే సంప్రదించగలరు.

“ఏమంటున్నది సారూ?”

“నీ అర్జీని చీఫ్ సెక్రటరీకి పంపిండ్రు కిష్టయ్యా.”

“అంటే ఫ్యాక్టరీ ఆపుమని ఆర్డరేసిండన్నట్టే గదా?”

నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ఒక ముసలాయన ముఖం అంతగా వెలుగుతున్నప్పుడు కాదనడం కష్టం. మన వృత్తిలో చాలా తప్పులు ఇలాంటి మొహమాటం దగ్గరే పుడతాయి. దురాశ దగ్గర పుట్టేవి అంతకంటే తక్కువ.

ఆ సాయంత్రం వార్త రాస్తూ ‘తగిన చర్యలు తీసుకోవాలని రాష్ట్రపతి ఆదేశించారు’ అని కొట్టాను. ఆలోచించి రాసింది కాదు. కలెక్టర్ ఆదేశించారు, మంత్రి ఆదేశించారు, కమిషనర్ ఆదేశించారు అని ఏళ్ల తరబడి రాసిన వేళ్లు అవి. పైనుంచి కాగితం వచ్చిందంటే ఆదేశమే అని వాటికి అలవాటు.

హైదరాబాద్ డెస్క్‌లో మా ఎడిషన్ ఇన్‌ఛార్జి మూర్తిగారికి ఆ రోజు జిల్లా పేజీకి పెద్ద వార్త లేదు. నా వార్తను పైకెత్తారు. పొద్దున పేపరు చూస్తే, ఉత్తరం పట్టుకుని నిలబడ్డ కిష్టయ్య ఫొటో, పైన అడ్డంగా హెడ్డింగు: ‘ఫ్యాక్టరీకి రాష్ట్రపతి బ్రేక్’.

నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. ఆఫీసులో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. రెండో బజ్జీ చేతిలో ఉండగా ఫోన్ వచ్చింది.

ఎనిమిదో తరగతి పాఠం

ఫోన్ చేసింది కరుణమ్మ టీచర్. ఆ ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతుంది. ఇల్లు ఇంద్రేశంలో. రోజూ రెండు బస్సులు మారి పోతుంది. వారమంతా బడి పిల్లలకు, ఆదివారం చర్చిలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఎక్కడా ఎవరికీ మార్కులు ఊరికే వేయదు. మా అబ్బాయికి కూడా చదువు చెప్పింది కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆమె దగ్గర భయమే.

“తమ్మీ, నువ్వు ఎనిమిదో తరగతి పాసైనవా?”

“అయిన అక్కా. ఏమైంది?”

“సోషల్ల ఎన్ని మార్కులొచ్చినయ్?”

“గుర్తులేదక్కా.”

“నాకు తెలుస్తనే ఉన్నది. రాష్ట్రపతి తనంతట తాను ఫ్యాక్టరీ ఆపొచ్చా అంటే ఆపరాదని మొన్ననే పిల్లలకు చెప్పిన. ఇయ్యాల ఒకడు నీ పేపర్ పట్టుకొచ్చి, టీచర్ మీరు తప్పు చెప్పిండ్రు అంటుండు. వానికి నేనేం చెప్పాలె?”

నేను నవ్వబోయాను. ఆమె గొంతు మారింది.

“నవ్వకు. వచ్చే గురువారం ఊర్ల ప్రజాభిప్రాయ సేకరణ ఉన్నది. కొత్త యూనిట్ మీద ఎవరికేం అభ్యంతరమున్నా గప్పుడే చెప్పాలె. నీ వార్త సదివినంక ఊరంతా ఇగ పోయే పనే లేదంటున్నరు. రాష్ట్రపతే ఆపిండంట గదా.”

బజ్జీ కింద పెట్టేశాను.

ఆ సేకరణకు సంబంధించిన నోటీసు మా పేపర్లోనే వచ్చింది. ఫైలు తిరగేస్తే మూడు వారాల కిందటి సంచికలో, లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో దొరికింది. రిపోర్టర్లు పోటీ పేపర్లను అక్షరం వదలకుండా చదువుతారు, సొంత పేపర్లో ప్రకటనలు మాత్రం చూడరు. మీరు చూడండి.

కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేసి ఇంకో సంగతి తెలుసుకున్నాను. సేకరణకు ఇంతమంది రావాలన్న లెక్కేమీ లేదు. ఒక్కరూ రాకపోయినా జరిగినట్టే. అభ్యంతరాలు లేవని రాసుకుని, ఆ కాగితం అనుమతి ఇచ్చే వాళ్లకు పోతుంది. అంటే నా వార్త చదివి కిష్టయ్య, ఊరివాళ్లు ఇంట్లో కూర్చుంటే, ఫ్యాక్టరీకి అంతకంటే మేలు చేసినవాడు ఇంకొకడు ఉండడు.

ఉన్నది, లేనిది

మర్నాడు బడికి పోయాను. స్టాఫ్‌రూంలో టీచరమ్మ నాకు కుర్చీ ఇచ్చింది గానీ, పాఠం మాత్రం పిల్లవాడికి చెప్పినట్టే చెప్పింది. ఆ తర్వాత నేను సొంతంగా చదువుకున్నది కూడా కలిపి, మీకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

దేశంలో కేంద్ర ప్రభుత్వం చేసే పనులన్నీ రాష్ట్రపతి పేరు మీదే జరుగుతాయి. మూడు దళాలకు వారే సర్వ సేనాని. పార్లమెంటు పాస్ చేసిన బిల్లు వారు సంతకం పెడితేనే చట్టం. పార్లమెంటు నడవని రోజుల్లో ఆర్డినెన్సు తేవచ్చు. ఉరిశిక్ష పడ్డవాడికి క్షమాభిక్ష పెట్టవచ్చు. చదువుతుంటే రాజుగారి అధికారాల్లాగే ఉంటాయి. కానీ వీటన్నిటి వెనక ఒక షరతు ఉంది. మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలి. సలహా నచ్చకపోతే, మళ్లీ ఆలోచించమని ఒకసారి వెనక్కి పంపవచ్చు. వాళ్లు ఆలోచించి అదే సలహా మళ్లీ ఇస్తే ఒప్పుకోవాల్సిందే. బిల్లు సంగతీ దాదాపు అంతే. ద్రవ్య బిల్లు కాకపోతే తిప్పి పంపవచ్చు. ఉభయ సభలు మళ్లీ పాస్ చేస్తే సంతకం కాదనడానికి లేదు. ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాక, ఎవరిని ప్రధానిగా పిలవాలో తేలని రోజున మాత్రం నిర్ణయం నిజంగా వారి చేతిలో పడుతుంది.

ఇందులో హత్నూర మండలంలో ఒక ప్రహరీ పక్కన కట్టే యూనిట్‌ను ఆపే అధికారం ఎక్కడా లేదు. వచ్చిన అర్జీని సంబంధించిన వాళ్లకు పంపడం రాష్ట్రపతి కార్యాలయం మర్యాద. వాళ్లు ఆ మర్యాద పాటించారు, ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాశారు కూడా. లేనిది చదివింది నేను.

“మరి గిది అంత చిన్న ఉద్యోగమా అక్కా?” అని అడిగాను.

“ఎవరన్నరు చిన్నదని? తొందరపడేటోళ్లను ఒక్కసారి ఆగి ఆలోచించుండ్రి అనేటోడు ఇంట్ల ఒకడుండాలె. నీకు మొన్న రాత్రి అసుంటోడు లేకుండె, గందుకే గిట్లయింది” అంది.

రెండు లైన్ల సవరణ

మూర్తిగారికి ఫోన్ చేసి, వార్త తప్పు, సవరణ వేయాలన్నాను.

“ఏమయ్యా నర్సింలూ, రాష్ట్రపతి ఆపలేదని వేస్తే మన పరువేం కావాలి?”

“ఆపలేదు కదా సార్.”

“ఆపలేదనే అనుకో. ఆపారని ఆ ఊరు సంబరపడుతోందా లేదా? అదీ వార్తే.”

“ఆ సంబరంలో వాళ్లు గురువారం రాకుండా పోతారు సార్.”

మూర్తిగారు చెడ్డ మనిషి కాదు. నాలుగు మాటల్లో చెప్పగలిగింది పది మాటల్లో రాయకూడదని నాకు నేర్పింది ఆయనే. కానీ పేపరు తప్పు చేసిందని పేపర్లోనే చెప్పడం ఆయన తరం వాళ్లకు ఇంట్లో గొడవ వీధిలో పెట్టినట్టుండేది. చివరికి రెండు లైన్లు ఒప్పుకున్నారు. అవి పదకొండో పేజీలో, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల పక్కన వచ్చాయి. ఆ ప్రకటనలు చూసి ఎవరికైనా టెన్త్ మెమో దొరికిందేమో గానీ, నా సవరణ మాత్రం ఎవరికీ దొరకలేదు. ‘ఫ్యాక్టరీకి రాష్ట్రపతి బ్రేక్’ మాత్రం వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఒక తీర్పు చెబుతాను, కోపం తెచ్చుకోకండి. తప్పు ఎంత పెద్ద అక్షరాల్లో పోయిందో సవరణ అంత పెద్ద అక్షరాల్లో పోవాలి. పేపర్లు అలా చేయవు. అందుకని మిగతాది మన కాళ్లే చేయాలి. మంగళవారం బండి తీసి ఊరికి పోయాను.

పంచాయతీ అరుగు మీద

టీచరమ్మ బడి వదిలాక వచ్చింది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పాతికమంది దాకా పోగయ్యారు. కిష్టయ్య ఉత్తరాన్ని లామినేషన్ చేయించి తెచ్చాడు. నేను నిలబడి, నేను రాసింది తప్పు, రాష్ట్రపతి దేన్నీ ఆపలేదు, గురువారం అందరూ రావాలి అని చెప్పాను.

కిష్టయ్య ఉత్తరం ఎత్తి చూపించాడు.

“నువ్వే రాసినవ్ గదా సారూ.”

“రాసిన. తప్పు రాసిన.”

కిష్టయ్య భార్య లచ్చవ్వ పక్కనున్న ఆమెతో గట్టిగానే అంది. “పేపరోడు తప్పయిందని ఒప్పుకున్నడంట. గిది రాయమను ముందు, ఊరూరంతా సదువుతది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక కిష్టయ్య కొడుకు రవి లేచాడు. ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఊళ్లో సగం ఇళ్ల నుంచి ఎవరో ఒకరు అక్కడే పని.

“తప్పో ఒప్పో, పేపర్ల వచ్చింది గదా సార్. రాష్ట్రపతే సూస్కుంటడు. మల్ల మేమెందుకు పోయి మేనేజర్ కండ్లల్ల పడాలె?”

నాకు అప్పుడు అర్థమైంది. నా హెడ్డింగును వాళ్లు అమాయకంగా నమ్మలేదు. అది వాళ్లకు అక్కరకొచ్చింది. బోరు గురించి బాధ ఉంది, ఉద్యోగం గురించి భయం ఉంది. ఢిల్లీలో ఒక పెద్దమనిషి చూసుకుంటాడంటే ఈ రెంటిలో ఏదీ తేల్చుకోనక్కర్లేదు. పేపర్లో వచ్చే అబద్ధాల్లో ఎక్కువ రోజులు బతికేవి ఇలాంటివే.

“చలికాలం బొల్లారంల తన బంగ్లాకు వచ్చి ఉంటడు గదా రాష్ట్రపతి. గప్పుడు పోయి కలుద్దాం” అన్నాడు వెనక నుంచి ఒకాయన.

“గప్పటిదాకా ఫ్యాక్టరోడు పునాది తియ్యకుండ కూసుంటడా?” అంది లచ్చవ్వ.

కిష్టయ్య చేతిలోని ఉత్తరాన్ని తిప్పి చూస్తున్నాడు. “టీచరమ్మా, మరి ఏ పవరూ లేకుంటే గంత పెద్ద ఇల్లు, గుర్రాలు, సిపాయిలు ఎందుకు గాయనకు?”

“పవర్ లేదని ఎవరన్నరు కిష్టయ్య బాపూ? ఉన్నది. ఉరికంబం మీదున్నోని పానం నిలపెట్టే పవర్ ఉన్నది. పార్లమెంటుకే, ఇంకోపారి ఆలోచించుండ్రి అని చెప్పే పవర్ ఉన్నది. కానీ గురువారం గా టెంటు కింద నిలబడి, నా బోరు గిట్ల పాడైందని చెప్పే హక్కు గాయనది కాదు, నీది. నువ్వు చెప్పింది రాసుకోకుండ గా ఆఫీసర్లు లేవనీకి లేదు. నువ్వు పోకుంటే నీ బదులు ఢిల్లీ నుంచి ఎవరొస్తరు చెప్పు?”

కిష్టయ్య ఉత్తరాన్ని లచ్చవ్వ చేతికిచ్చాడు.

“ఇది ఇంట్ల పెట్టు. ఏందిరా రవీ, వస్తవా?”

“నువ్వు మాట్లాడు బాపూ. నేను ఎనక నిలబడ్త. గంతే.”

“గంతే సాలు.”

గురువారం

వార్త రాసేవాడి అలవాటు ప్రకారం ఫలితం ముందే చెబుతాను. ఊరు పూర్తిగా గెలవలేదు. కొన్ని నెలల తర్వాత కొత్త యూనిట్‌కు అనుమతి వచ్చింది. కానీ కాలువ ముట్టుకోకూడదని షరతు పెట్టారు. దాంతో యూనిట్ ఫ్యాక్టరీకి అవతలి వైపు పోయింది. చుట్టుపక్కల బోర్ల నీళ్లు ఫ్యాక్టరీ ఖర్చుతో పరీక్ష చేయించాలన్నారు. కిష్టయ్యకు కాలువకు పైభాగంలో వేరే బోరు పడింది. రవి ఉద్యోగం పోలేదు. మేనేజర్ కొన్నాళ్లు పలకరించలేదట, అంతే.

ఇప్పుడు ఆ రోజు సంగతి. బడి పక్కన ఖాళీ జాగాలో షామియానా వేశారు. వేదిక మీద అదనపు కలెక్టర్, కాలుష్య మండలి అధికారి. ఫ్యాక్టరీ వాళ్లు తెర కట్టి బొమ్మలు చూపించారు గానీ, ఎండకు తెర మీద తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. వెనక నుంచి బిర్యానీ ప్యాకెట్ల వాసన వస్తోంది. ఊరు వచ్చింది. అందరూ కాదు, కుర్చీలు చాలనంత మంది.

కిష్టయ్య పేరు పిలిచారు. తన బోరు నీళ్లు నింపిన సీసా పట్టుకుని వెళ్లాడు. రవి చెప్పినట్టే వెనక నిలబడ్డాడు. వేదిక మీది వాళ్లు సీసా చూసి కాస్త కంగారు పడ్డారు. తాగమంటాడేమో అనుకున్నట్టున్నారు.

“మీరు తాగొద్దు సారూ. పక్కన పెట్టుకోండ్రి. మీటింగ్ అయ్యేదాక కదపకుండ్రి. లేసేటప్పుడు అడుగు సూడుండ్రి.”

తర్వాత తను చెప్పాల్సింది చెప్పాడు. మైకు చూసి భయపడ్డాడేమో, మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఇంకో పదిమంది దాకా మాట్లాడారు. చివర్లో, ఎవరెవరు ఏమన్నారో రాసుకున్నది అందరి ముందూ తెలుగులో చదివి వినిపించాలి. అది నియమం. సాధారణంగా ఆ సమయానికి జనం ప్యాకెట్ల దగ్గర ఉంటారు. ఆ రోజు టీచరమ్మ ఎవరినీ లేవనివ్వలేదు.

మండలి అధికారి చదువుతూ కిష్టయ్య పేరు దగ్గరికి వచ్చారు. “బోరు నీటి నాణ్యతపై సందేహం వ్యక్తం చేశారు.”

కిష్టయ్య లేచి నిలబడ్డాడు.

“సారూ, నాకు సందేహం లేదు. నా ఎడ్లకు గూడ లేదు. నీళ్లు పసుపుపచ్చగ వస్తున్నయి. ఎడ్లు ముడ్తలేవు. కాలువ పూడిస్తే బోరు ఎండుతది. గీ మూడే నేనన్నది. గవి రాయుండ్రి.”

షామియానా అంతా నవ్వింది. అదనపు కలెక్టర్ నవ్వకుండా సీసా అడుగున పేరుకున్న పసుపు మడ్డిని ఒకసారి చూసి, రాసే గుమాస్తాకు కొట్టేయమని సైగ చేశారు. గుమాస్తా కొట్టేసి రాశాడు. అధికారి మళ్లీ చదివారు. పసుపుపచ్చగా వస్తున్నాయి, ఎడ్లు ముట్టడం లేదు, కాలువ పూడిస్తే బోరు ఎండుతుంది.

“గదే సారూ” అని కిష్టయ్య కూర్చున్నాడు.

నేను ఆ మూడు ముక్కలూ ఆయన చెప్పిన వరుసలోనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. సాయంత్రం మూర్తిగారికి అవే పంపాను, నా సొంత మాట ఒక్కటీ కలపకుండా.